ఏసీ ఆపితేనే పాట

ఒమన్‌లోని సమాయిల్‌లో మా రూమ్‌లో ముగ్గురం. నేను, జగిత్యాల నుంచి వచ్చిన మేస్త్రీ అన్న, నైజీరియా నుంచి వచ్చిన యొరుబా మనిషి ఒకాయన. సొంత ఊళ్ళో ఆయన గాయకుడు, పైగా రికార్డులు తీసే ప్రొడ్యూసరు. స్టూడియో కాలిపోతే, కొత్త సామాను కొనుక్కోవడానికి ఇక్కడికొచ్చి ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. నేను డిగ్రీ చదివి స్టోర్‌లో మేకులు లెక్కపెడుతున్నవాణ్ణి కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోలేదు.

జూన్‌లో ఆయన పార్ట్‌నర్ ఫోన్ చేశాడు. కొత్త రికార్డు సిద్ధమట, ఈయన గొంతూ, వెనక గుంపు పాటా మాత్రమే తరువాయి. గురువారంలోగా పంపకపోతే వేరేవాడితో పాడిస్తారట. వెళ్ళి పాడి వద్దామంటే సెలవుకింకా పద్నాలుగు నెలలుంది.

ఎండలకి మధ్యాహ్నం మూడు గంటలసేపు సైట్‌లో పని బంద్. ఆ టైములో ఆయన కిటికీకి దుప్పట్లు కట్టాడు. తలుపు సందులో తువ్వాలు కుక్కి, ఫోన్‌ను దిండ్ల మధ్య నిలబెట్టి, ఏసీ ఆపేశాడు. దాని మోత పాటలో పడుతుందట.

"పాట సంగతేమో గానీ మా పానాలు పోతయ్ భాయ్," అన్నాడు అన్న తెలుగులో. ఆయన వినయంగా థాంక్యూ అన్నాడు.

ఆయన ఒక వరుస పాడితే గుంపు బదులు పాడాలి. గుంపంటే మేమిద్దరమే.

"గింతేనా? మా దిక్కు నాట్లేసేటప్పుడు గిట్లనే పాడుతరు," అని అన్న మొదటిసారికే అందుకున్నాడు. నేను రెండుసార్లు తుమ్మాను. తుమ్మినప్పుడల్లా పాట మొదటికొచ్చింది. ఆ ఉక్కకి గోడమీది బల్లి కూడా వెళ్ళిపోయింది. దానికి వీసా గొడవ లేదు.

బుధవారం పదకొండోసారికి కుదిరింది. పంపాడు.

రెండు వారాలకు రికార్డు వచ్చింది. ముగ్గురం ఫోన్ మీదికి వంగి విన్నాం. పాడుతున్న గొంతు ఆయనది కాదు. బదులు మాత్రం మాదే. మా ఇద్దర్నీ ఎలాగో ఇరవైమందిని చేశారు. అందులోనూ అన్న గొంతు తెలిసిపోతోంది.

ఆయన పార్ట్‌నర్‌కు ఫోన్ చేశాడు. దిండ్ల మధ్య తీసిన గొంతు ముందు నిలబడదనీ, వెనక గుంపుకైతే సరిపోయిందనీ అవతలివాడు చెప్పాడట.

"నేనైనా అదే చేసేవాణ్ణి," అన్నాడు మాతో హిందీలో. ప్రొడ్యూసరు కదా.

మర్నాడు మధ్యాహ్నం ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏసీ హాయిగా మోగుతోంది. అన్న లేచి దాన్ని ఆపేశాడు. తలుపు సందులో తువ్వాలు కుక్కి వచ్చి కూర్చున్నాడు.

"పాడు భాయ్," అన్నాడు.

ఆయన పాడలేదు. ఏసీ మళ్ళీ ఎవరమూ వెయ్యలేదు. డ్యూటీ టైమయ్యేదాకా ముగ్గురం చెమటలు కక్కుతూ అలాగే ఉన్నాం.