ఆఖరి రీలు చూడని సినిమా

మా పై వాటాలో ముగ్గురు కుర్రాళ్ళు అద్దెకుంటున్నారు. మంచి పిల్లలే. కానీ క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున వాళ్ళకీ నాకూ పడదు. వాళ్ళు కేబుల్లో చూస్తారు, నేను ఫోన్లో చూస్తాను. ఫోన్లో ఆట కాస్త వెనకబడి వస్తుంది. నా ఫోన్లో బౌలరు ఇంకా బంతిని ప్యాంటుకి రుద్దుకుంటూ ఉండగానే పైన స్లాబు అదిరేలా కేక వినిపిస్తుంది. సంతోషం కేక అయితే సిక్సరు, ఏడుపు కేక అయితే వికెట్టు. ఇక ఆ తర్వాత నేను చూసేది ఆట కాదు, అయిపోయిన సంగతి. ఓసారి పైకి వెళ్ళి, కాస్త మెల్లగా అరవండయ్యా అని అడిగాను. మీరూ కేబుల్ పెట్టించుకోండి అంకుల్ అని సలహా ఇచ్చారు. కేబుల్ ఉండేది. ఎవరూ చూడటం లేదని మా ఆవిడే తీయించేసింది.

ఏదీ చివరిదాకా సవ్యంగా చూడనివ్వకపోవడం నా జీవితంలో కొత్తేమీ కాదు. తొంభైల్లో మా ఊళ్ళో, ఉయ్యూరు దాటి లోపలికి వెళ్ళే ఊరది, రైసుమిల్లు యజమాని ఇంట్లో కలర్ టీవీ ఉండేది. మా నాన్న ఆ మిల్లులో గుమస్తా. ఆ చనువుతో మేం వాళ్ళ వరండాలో కూర్చుని మ్యాచ్ చూసేవాళ్ళం. మనవాళ్ళలో పెద్ద బ్యాట్స్‌మన్ అవుటయ్యాడంటే యజమాని లేచి టీవీ కట్టేసేవాడు. ఇంక ఏముంది, పోండి అనేవాడు. మిగిలిన వాళ్ళు ఏం ఆడారో, గెలిచారో ఓడారో మర్నాడు లైబ్రరీలో పేపరు చూస్తేగానీ తెలిసేది కాదు. ఓసారి ఆఖరి ఇద్దరూ నిలబడి గెలిపించేశారు. ఆ సంగతి నేను చెబితే ఆయన నమ్మలేదు. పేపరు వాళ్ళు పొరపాటున అచ్చేసి ఉంటారన్నాడు.

నేను పదో తరగతితో చదువాపేశాను. అప్పట్నుంచీ విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపులో కౌంటరు మీద ఉన్నాను. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ లైబ్రరీలు పెట్టినవే, మొదట మా ఊరిది, తర్వాత పటమటది. ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో, సినిమా నిడివికీ రీళ్ళకీ సంబంధమేమిటో, డాల్బీ అంటే ఏమిటో నేను చెక్క బల్లల మీదే నేర్చుకున్నాను. ఇది గొప్పకి చెప్పడం లేదు అంటే అబద్ధమవుతుంది. గొప్పే. ఎవరైనా తప్పు చెబితే నేను ఊరుకోలేను, సరిచేస్తాను. ఇది మా ఇంట్లో ఎవరికీ నచ్చదు.

అయినా లైబ్రరీ కూడా తీర్చలేని సందేహం ఒకటి మా అక్కకీ నాకూ దాదాపు ముప్పై ఏళ్ళ నుంచీ ఉండిపోయింది. అది ఓ సినిమా ముగింపు.

మా నాన్న ఏడాదికి రెండు మూడుసార్లు మమ్మల్ని విజయవాడ తీసుకొచ్చేవాడు. పొద్దున బట్టల కొనుగోళ్ళు, మధ్యాహ్నం గాంధీనగర్‌లో మ్యాట్నీ. సాయంత్రం మా ఊరికి తిన్నగా వెళ్ళే బస్సు ఒక్కటే ఉండేది. ఆ బస్సు ప్లాట్‌ఫారమ్ మీదికి వచ్చీ రాగానే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేయాలి. తువ్వాలు వేసిన సీటు మీద ఇంకొకరు కూర్చోరు, అది అందరూ ఒప్పుకున్న పద్ధతి. ఆలస్యమైతే ఉయ్యూరు దాకా ఒంటికాలి మీద నిలబడాలి. అందువల్ల సినిమా ఆఖరి రీలు మొదలవగానే మా నాన్న భుజం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకునేవాడు. అది మాకు గుర్తు. లేవండి, బస్సు పోద్ది అనేవాడు. మేం వెనక్కి తిరిగి తెరను చూసుకుంటూ, వాళ్ళ కాళ్ళూ వీళ్ళ కాళ్ళూ తొక్కుకుంటూ బయటపడేవాళ్ళం. ఆ రోజుల్లో డెల్టా ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఇలాగే లేచిపోయేవాళ్ళు. మాకు కథలన్నీ తెలుసు, ముగింపులే తెలియవు.

ఆ లోటు మా నాన్నే తీర్చేవాడు. బస్సు బెంజిసర్కిల్ దాటాక, కిటికీ పక్కన కూర్చుని, ఆ తర్వాత ఏమైందంటే అని మొదలుపెట్టేవాడు. ఆయనా చూడలేదని మాకు తెలుసు. అయినా వినేవాళ్ళం.

ఆ సినిమా మేం చూసినప్పుడు అక్క ఇంటర్, నేను ఎనిమిదో తరగతి. ఇద్దరు అన్నదమ్ముల కథ. చేయని దొంగతనం అన్న మీద పడుతుంది. తమ్ముడు కూడా నమ్మి, ఇంట్లోంచి పొమ్మంటాడు. చివర్లో నిజం తెలిసి తమ్ముడు రేవుకి పరిగెడతాడు. అక్కడ అన్న లాంచీ ఎక్కి కూర్చుని ఉంటాడు. తమ్ముడు ఇసకలో పడి లేచి పరిగెడుతున్నాడు, లాంచీ మోత మొదలైంది. సరిగ్గా అప్పుడు మా నాన్న తువ్వాలు చేత్తో పట్టుకున్నాడు.

బస్సులో ఆయన చెప్పిన ముగింపు ఇది. తమ్ముడు లాంచీ అందుకున్నాడు, అన్నను ఇంటికి తీసుకొచ్చాడు, వాళ్ళమ్మ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టింది.

"లాంచీ మోత మనకి వినబడింది గదా నాన్నా. ఎట్టా అందుకుంటాడు?" అంది అక్క.

"అందుకుంటాడమ్మా. సినిమా గదా," అన్నాడు నాన్న.

ఆ ఏడాదే మా బాబాయి పొలం గట్టు దగ్గర మొదలైన గొడవలో భోజనం మధ్యలో కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. అంతకుముందు నాన్న చెప్పే ముగింపుల్లో పెళ్ళిళ్ళు ఉండేవట, ఆ ఏడాది నుంచీ అన్నాలు వచ్చాయట. దెయ్యాల సినిమాలో కూడా దెయ్యం వదిలిపోయాక అందరూ కూర్చుని తిన్నారు. ఇది నేను కనిపెట్టింది కాదు, చాలా ఏళ్ళ తర్వాత అక్క చెప్పింది.

అక్క మాత్రం ఆ లాంచీని వదల్లేదు. నేను నాకు చేతనైన దారిలో వెతికాను. పాటల పుస్తకంలో కథ రేవు దాకా రాసి, మిగతాది వెండితెరపై చూడండి అని ఆపేశారు. లైబ్రరీలో సినిమా వారపత్రికలన్నీ తిరగేశాను. సమీక్ష రాసినాయన ముగింపు హృదయాన్ని కదిలిస్తుంది అని ఊరుకున్నాడు. ఎటు కదిలిస్తుందో రాయడానికి ఏం రోగమో. దూరదర్శన్‌లో ఓ ఆదివారం వేశారు. రేవు దాకా రాకుండానే కరెంటు పోయింది.

తర్వాతి కాలంలో చూద్దామంటే దారులు దొరికేవే. కానీ అప్పటికి అక్క ఓ పంతం పట్టింది. టికెట్టు కొనుక్కుని లేచొచ్చిన సినిమా, టికెట్టు కొనుక్కునే చూడాలంది. ఆ చిన్న ఫోన్లో చూస్తే అది చూసినట్టే కాదంది. నన్ను కూడా ఒంటరిగా చూడొద్దంది. "నువ్వొక్కడివే చూసొచ్చి నాకు పాఠం చెప్పావంటే మాత్రం ఊరుకోనురోయ్," అంది. నేనా మాట మీద నిలబడ్డాను. నాలాంటి వాడికి, తెలుసుకోగలిగింది తెలుసుకోకుండా ఉండటం ఎంత కష్టమో చదివే అలవాటున్న వాళ్ళకి తెలుస్తుంది.

అందుకే ఈ మధ్య పాత సినిమాలు కొత్త సౌండుతో మళ్ళీ వేసే ఊపులో ఆ సినిమా కూడా గాంధీనగర్‌కి వస్తోందని పోస్టరు చూడగానే, బండి పక్కన ఆపి అక్కకి ఫోన్ చేశాను. ఒక్కరోజే, మ్యాట్నీ ఒక్కటే అని చెప్పాను. అక్క పామర్రు అవతల ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు, బావకి వేళకి కాఫీ కావాలి, పాల లెక్క చూసుకోవాలి, ఇలా ఎప్పుడు పిలిచినా నూటొక్క అడ్డంకులు చెప్పే మనిషి, ఆ రోజు బస్టాండులో నాకంటే ముందే దిగి నిలబడింది. పట్టుచీర కట్టుకుంది. సినిమాకి పట్టుచీరేమిటి అంటే, ఈసారి చివరిదాకా కూర్చుంటాం గదరా అంది.

హాల్లోకి వెళ్ళగానే నాకు అనుమానమొచ్చింది. అంతా కుర్రాళ్ళే. ఆ సినిమా వచ్చేనాటికి వాళ్ళలో సగం మంది పుట్టి ఉండరు. చేతుల్లో చించిన కాగితాల సంచులు, నోట్లో ఈలలు. హీరో పేరు పడగానే కాగితాలు మా నెత్తిన పడ్డాయి. అక్క మొదట నవ్వుతూ చీర మీదవి దులుపుకుంది. పాట రాగానే కొంతమంది తెర ముందుకెళ్ళి గెంతారు. మళ్ళీ వేయమని అరిస్తే పాట మళ్ళీ వేశారు. మాటలన్నీ తెర కంటే ముందే వీళ్ళు చెప్పేస్తున్నారు. నాకు మా పై వాటా గుర్తొచ్చింది. కొత్త సౌండు కోసం వాళ్ళెంత ఖర్చు పెట్టారోగానీ, నాకు వినబడిందల్లా నా వెనక సీటువాడి గొంతే.

నాకు కోపం వాళ్ళ సంతోషం మీద కాదు. మేమూ ఈలలు వేసినవాళ్ళమే. మేం ఏం జరుగుతుందో తెలియక వేసేవాళ్ళం. వీళ్ళు అన్నీ తెలిసి వేస్తున్నారు. ప్రతివాడూ ఫోను ఎత్తి, తెరను కాదు, తెర ముందు తనను తీసుకుంటున్నాడు. తొంభైలంటే మాకెంతో ఇష్టం అంటారు. తొంభైల్లో ఆ చీకట్లో కూర్చుని నోరు మూసుకుని చూడటం కూడా ఉండేదని వీళ్ళకి ఎవరు చెబుతారు?

రెండో సగంలో అక్క నా మోచెయ్యి పట్టుకుంది. నిజం బయటపడింది. తమ్ముడు వీధిలోకి వచ్చాడు. నాకు తెలియకుండానే నా చూపు పక్కకి, నాన్న కూర్చునే వైపుకి పోయింది. ఎవరూ లేవమనలేదు. తెర మీద రేవు కనబడింది.

అప్పుడు మా ముందు వరసలన్నీ లేచి నిలబడ్డాయి. హీరో పరుగు అంటే వీళ్ళకి పెద్ద పండగట. వందల ఫోన్ల వెలుగు. అక్క పొట్టిమనిషి. లేచి నిలబడితే మోకాలు పట్టేసి మళ్ళీ కూలబడింది. ఆమెకి కనబడేది వీపులే.

నేను లేచి ముందున్న కుర్రాడి భుజం తట్టాను. కూర్చోండయ్యా, మా అక్కకి కనబడటం లేదు అన్నాను.

"ఎన్నిసార్లు చూసుంటారంకుల్. ఇదొక్కటీ వదిలేయండి," అన్నాడు వాడు, మర్యాదగానే.

"మేం చూడలేదు బాబూ."

వాడు ఫోను దించి నా మొహం చూశాడు. "మరి ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నారంకుల్?"

దీనికి నా దగ్గర పెద్ద సమాధానమే ఉంది. బస్సు, తువ్వాలు, కరెంటు కోత, మా అక్క పంతం, అన్నీ చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాను. వాడి భుజం మీదుగా తెర కనబడుతోంది. నేను చూపు తిప్పుకోలేదు. తిప్పుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. అలా నిలబడి, మొత్తం చూసేశాను.

తమ్ముడు రేవుకి చేరేసరికి లాంచీ కదిలిపోయింది. అన్న ఇటు చూడలేదు. తమ్ముడు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉండగా లాంచీ చిన్నదై, చుక్కయి, శుభం పడింది. నేను కిందికి చూసేసరికి అక్క ఒళ్ళోని కాగితం ముక్కలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతోంది.

బయటికి వచ్చి మేనేజరు గదికి వెళ్ళాను. ఆఖరి పదినిమిషాలు మళ్ళీ వేయండి, పాటలు వేశారు గదా అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కొత్త సినిమా ఫస్ట్ షోకి జనం గేటు దగ్గరున్నారండీ అన్నాడు. గట్టిగా మాట్లాడబోతే అక్క నా చొక్కా పట్టి లాగింది.

ఆటోలో బస్టాండుకి వచ్చాం. ఆడవాళ్ళకి బస్సులో టికెట్టు లేకుండా చేశాక పామర్రు మీదుగా వెళ్ళే అవనిగడ్డ బస్సులు మళ్ళీ పాతరోజుల్లాగే కిక్కిరిసిపోతున్నాయి. బస్సు రాగానే నేను పరిగెత్తి, కిటికీలోంచి జేబురుమాలు వేశాను. అక్క మెల్లగా ఎక్కి, అది పడిన సీట్లో కూర్చుని, రుమాలు కిటికీలోంచి నాకు తిరిగిచ్చింది.

"నువ్వు చూశావు గదా," అంది.

చూశానన్నాను. నా తప్పు కాదు, వాడితో మాట్లాడుతుంటే కనబడిందన్నాను. రాత్రికి ఫోన్లో పెట్టి పంపుతాను, ఇంక ఆ పంతం వదిలెయ్ అన్నాను.  అక్క కిటికీ ఊచ పట్టుకుని కాస్త ముందుకి వంగింది.

"అన్నం తిన్నారా?"

అవునని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. నేననలేదు. నా నోట్లోంచి తప్పు మాట రాదు, అదే నా జబ్బు.

"లేదక్కా. లాంచీ వెళ్ళిపోయింది."

 అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుని, సీట్లో వెనక్కి జారగిలబడింది.

"నువ్వు సరిగ్గా చూసుండవులే. వాళ్ళంతా అడ్డంగా నిలబడ్డారు గదా. మళ్ళీ వేసినప్పుడు చెప్పు, వస్తా."

అక్కా, నేను సరిగ్గానే చూశాను అని చెప్పబోతుంటే బస్సు రివర్సు తీసుకుంటోంది. కండక్టరు వెనక్కి జరగమని నా మీద అరిచాడు. నేను రుమాలు పట్టుకుని ప్లాట్‌ఫారమ్ మీద నిలబడ్డాను. ఇన్నేళ్ళకి చివరిదాకా చూసింది ఒక్కటి, అదీ ఒప్పుకునే మనిషి లేదు. మిల్లు యజమానికి పేపరు మీద నమ్మకం లేదు. మా అక్కకి నా కళ్ళ మీద లేదు.