మా వదిన చేతులు కట్టుకున్న వారం

మా వదినకి ప్రమోషన్ వచ్చిందని తెలిసిన రోజు అందరికంటే ఎక్కువ భయపడింది నేనే. ఆవిడ సంగతి నాకు తెలుసు కాబట్టి. ఎవరైనా తన కాలు తొక్కితే, ఆ తొక్కినవాళ్ళకి తనే సారీ చెప్పే రకం. అలాంటి మనిషిని పట్టుకెళ్ళి మూడో అంతస్తు మొత్తానికి సూపర్‌వైజర్‌ని చేశారు మా హోటల్ వాళ్ళు. సూపర్‌వైజరంటే తప్పు పట్టుకోవాలి, పట్టుకున్నది నోరు తెరిచి చెప్పాలి. మొదటిది ఆవిడకి బ్రహ్మాండంగా వచ్చు. రెండోది చచ్చినా రాదు.

నేనెవరినంటే, ఆవిడ ఆడపడుచుని. అదే హోటల్లో కింద లినెన్ గది నాది. ఉతికిన దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు పైకి పంపడం, మాసినవి లాండ్రీకి తోలడం నా పని. నాకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు. అననివ్వండి, వాళ్ళ సొమ్మేం పోయింది! ఇంట్లో మాట విసిరేసేది నేను, వెనకాలే వచ్చి సర్ది చెప్పేది వదిన. అన్నయ్య పెళ్ళయినప్పటి నుంచీ మా ఇద్దరికీ అలాగే గడిచిపోయింది.

వదిన గదులు శుభ్రం చేసే పనిలో చేరిన కొత్తలో పైన ఒక సూపర్‌వైజరమ్మ ఉండేది. పక్క సరిగా వెయ్యకపోతే ఇది తప్పు అని చెప్పేది కాదు. పరుపు మీదున్నదంతా ఒక్క లాగు లాగి, నేల మీద పడేసి వెళ్ళిపోయేది. ఒకరోజు అలా పడేసిన దుప్పటి పట్టుకుని వదిన నా గదిలోకొచ్చి, తలుపు వెనక నిలబడి ఏడ్చింది. "నేనెప్పుడైనా పెద్దదాన్నయితే ఒక్కరిని కూడా ఇలా ఏడిపించను" అంది. అన్నమాట నిలబెట్టుకుంది మహాతల్లి. తంటా అంతా అక్కడే వచ్చిపడింది.

ఎలాగంటే, ఆడవాళ్ళు గదులు శుభ్రం చేసి ట్రాలీ తోసుకుంటూ ముందుకెళ్ళగానే, వదిన వెనకనుంచి దూరేది. వదులుగా ఉన్న దుప్పటి బిగించేది, ముడత లాగేది, దిండ్లు తిప్పి పెట్టేది. ఎవరికీ చెప్పేది కాదు. ఒక్కోరోజు పది పన్నెండు పక్కలు రెండోసారి వేసి, నడుం పట్టుకుని కిందికి దిగేది. "నువ్వు సూపర్‌వైజర్‌వా, అందరికీ వెట్టి చాకిరీ చేసేదానివా?" అని నేను మండిపడేదాన్ని. "పోనీలేవే, పాపం, వాళ్ళు మాత్రం కావాలని చేస్తారా?" అనేది.

అందులో ఎక్కువ భాగం ఒక్కావిడ పక్కలే. మేమంతా పొడుగావిడ అనేవాళ్ళం. నిజంగానే తలుపు దగ్గర తల వంచుకునేంత పొడుగు. నలభై దాటాక మొదటిసారి ఉద్యోగానికి వచ్చింది, వాళ్ళాయన కొట్టు మూతపడ్డాక. మూడు నెలలు ట్రయల్ మీద తీసుకున్నారు. పని బాగుంటే పర్మనెంటు, లేకపోతే ఇంటికి. మనిషి బంగారం, చెమటలు కక్కుతూ చేస్తుంది. ఆవిడ వేసిన పక్క మాత్రం గెస్టు అటునుంచి ఇటు దొర్లితే చాలు, ఊడి చేతికొచ్చేది. ఆ సంగతి ఆవిడకి తెలియదు. ఒక్క ఫిర్యాదు కూడా రానప్పుడు ఎలా తెలుస్తుంది?

ఇంతలో మేనేజర్‌గారికి సూపర్‌వైజర్లందరికీ ట్రైనింగ్ ఇప్పించాలని బుద్ధి పుట్టింది. మొదట టై కట్టుకున్న ఒకాయన వచ్చి, పెద్ద హాల్లో తెర మీద కొండలూ గద్దలూ చూపించి, మీలో నాయకుణ్ణి నిద్ర లేపండి అన్నాడట. ఆయన మాట్లాడుతుంటే హాయిగా నిద్ర పట్టిందని వదిన చెప్పింది. ఆయన వెళ్ళిపోయాక ఇంకో ఆవిడ వచ్చింది. చదును చెప్పులేసుకున్న చిన్న మనిషి, ట్రైనింగ్ మేడం. "మీ పనేంటో చూడకుండా మీకు నేనేం నేర్పిస్తానండీ?" అని, ముందు కొన్నాళ్ళు ఊరికే మా వాళ్ళ వెంట ట్రాలీ తోస్తూ తిరిగింది. ఆ తర్వాత ఒక్కొక్క సూపర్‌వైజర్‌కీ ఒక్కో రకం పాఠం తయారు చేసింది.

వదిన వంతు వచ్చింది.

"ఆ గదిలోకి రెండోసారి ఎందుకెళ్ళారు?" అని అడిగింది మేడం.

"ఏం లేదు మేడం, కాస్త సర్దుదామని."

"పక్క వేసినావిడకి చెప్పారా?"

"ఎందుకులెండి, చిన్నబుచ్చుకుంటుంది."

మేడం కోప్పడలేదట. పక్కన కూర్చుని నెమ్మదిగా అందట. "ఈ వారాఖరున, మా ట్రైనింగ్ ఆఖరి రోజున మీ మేనేజర్‌గారు ఆవిడతో ఒక గది చేయించి, తనే పరీక్ష చేస్తారు. ఆవిడ ట్రయల్ కూడా అప్పటికి అయిపోతుంది. ఆ గదిలోకి మీరు వెనకనుంచి వెళ్ళలేరు కదా. అప్పుడు ఆవిడ గతేంటి?"

వదిన ఇంటికొచ్చి ఆ మాట నాకు చెబుతుంటే మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను మంచి చేస్తున్నాననుకున్నానే. ఆవిడ నోటిదగ్గర కూడు తీసేస్తున్నానా?" అంది. నేను మండిపడలేదు, లేచెళ్ళి ఆవిడకి కాఫీ కలిపి తెచ్చాను. నేను కాఫీ కలిపానంటే మీరు అర్థం చేసుకోవాలి.

మేడం పెట్టిన షరతు ఒక్కటే. ఈ వారమంతా వదిన ఏ పక్కనీ ముట్టుకోకూడదు. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడాలి. తప్పుంటే నోటితో చెప్పాలి. మనిషి గురించి మాట్లాడకూడదు, పని గురించే మాట్లాడాలి. ఏది సరిగా లేదో, ఎలా ఉండాలో, అంతవరకే. ఇంట్లో కూడా అలవాటు చేసుకోమని చెప్పింది.

ఇంట్లో ఎవరున్నారు, మా అన్నయ్య! సాయంత్రం గిన్నెలు కడగడం ఆయన ఉద్యోగం. నేను పెళ్ళానికి ఎంత సాయం చేస్తానో తెలుసా అని నలుగురిలో చెప్పుకుని మురిసిపోతుంటాడు. ఆరోజు నేను వంటింట్లోనే ఉన్నాను. వదిన చేతులు కట్టుకుని, మూడుసార్లు గొంతు సవరించుకుని, "ఏవండీ, ఆ మూకుడు అంచు కింద జిడ్డుంది. వేలు పెట్టి రాసి చూస్తే తెలుస్తుంది" అంది.

అన్నయ్య వేలు పెట్టి చూశాడు. "అవును, ఉంది. మరి రోజూ ఉండేది కాదే?"

వదిన నేల చూపులు చూసింది. నా నోరు ఊరుకుంటుందా? "రోజూ నువ్వు కడిగాక తను మళ్ళీ కడుగుతుంది కాబట్టి ఉండేది కాదు, మహానుభావా!" అన్నాను.

"పెళ్ళయినప్పటి నుంచీనా?" అన్నాడు అన్నయ్య, మూకుడు పట్టుకుని అలాగే నిలబడిపోయి.

"కొత్తలో వదిలేసేదాన్నండీ" అంది వదిన చిన్నగా.

నేను పడీపడీ నవ్వాను. అన్నయ్య మాత్రం నవ్వలేదు. "నీకు కాస్త తెరిపి దొరుకుతుందని కదే నేను కడుగుతున్నది. నీకు పని రెట్టింపు చేశానన్నమాట ఇన్నాళ్ళూ" అన్నాడు. ఆ మాటకి వదిన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా నవ్వు కూడా ఆగిపోయింది. ఆయన మూకుడు మళ్ళీ తోమి, తెచ్చి ఆవిడ ముందు పెట్టి, "ఇప్పుడు చూసి చెప్పు" అన్నాడు. ఆవిడ చూసి, బాగుందంది. అన్నయ్య మొహం వెలిగిపోయింది. పెళ్ళాం నోటివెంట ఆ మాట అంతకుముందు ఎన్నిసార్లు విన్నాడో, అందులో నిజమైనవెన్నో మరి!

ఇంట్లో బాగానే నెగ్గుకొచ్చింది. హోటల్లో పొడుగావిడ దగ్గరికొచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. గదిలోకెళ్ళి, "నీ దిండ్లు చాలా బాగుంటాయమ్మా. అద్దం కూడా మెరిసిపోతోంది. పిల్లలు బాగున్నారా?" అని అడిగి బయటికొచ్చేసిందట. వరండాలో నిలబడ్డ మేడం, "చెప్పారా?" అంటే, "దిండ్లదాకా వచ్చాను మేడం" అందట. మేడం నవ్వాపుకోలేక గోడవైపు తిరిగిందట.

మర్నాడు మాత్రం చెప్పింది. గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని, "ఈ మూల వదులుగా ఉందమ్మా. దుప్పటి పరుపు కిందికి ఇంకో జానెడు వెళ్ళాలి" అంది.

పొడుగావిడ తెల్లబోయింది. "రోజూ ఇలాగే వేస్తున్నాను కదక్కా?"

ఇక దాచడం వదిన వల్ల కాలేదు. రోజూ తను వెనకాలే వచ్చి వేస్తున్న సంగతి మొత్తం చెప్పేసింది. పొడుగావిడ చేతిలో దిండు అలాగే పక్కన పెట్టి, విసవిసా కిందికి దిగి, నా గదిలోకొచ్చి దుప్పట్ల మూట మీద కూలబడింది.

"ఒక్క పక్క కూడా నేను వేసింది కాదట! మా పిల్లలకి చెప్పుకున్నాను, మీ అమ్మ గదుల మీద ఇంతవరకు మాట రాలేదని. తిట్టినా బాగుండేది కదా. నాలుగు చీవాట్లు పెట్టినా నేర్చుకునేదాన్ని కదా!" అంది.

మా వదినని అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? "ఏడవాలనుంటే ఏడువు. ఆ తెల్లవాటి మీద మాత్రం వద్దు" అని ఒక పాత తువ్వాలు చేతికిచ్చాను. ఇంతలో వదిన వచ్చింది. నెత్తి మీద కొండ పడ్డట్టుంది మనిషి. "నువ్వు కోప్పడ్డది న్యాయమే. ఇకనుంచి చెప్తాను. నువ్వు విసుక్కున్నా చెప్తాను, పరీక్షయ్యేదాకా" అంది. పొడుగావిడ మొహం తుడుచుకుని లేచి, ఒక దుప్పటి తీసుకుని పైకెళ్ళింది.

అక్కణ్ణుంచి మొదలైంది అసలు కుస్తీ. వదినకి మాటలు వచ్చేవి కావు. చేతులకి తెలిసింది నోటికి రావట్లేదే అని తల పట్టుకునేది. లోపలికి తొయ్యి అంటే పొడుగావిడ తోసేది, అయినా ఊడిపోయేది. ఇద్దరూ విసిగి వేసారిపోయారు. చేసేదేమీ లేక గుమ్మంలో నిలబడి చూడగా చూడగా, ఒకరోజు వదినకి సంగతి అందింది. మా వదిన పొట్టిది, పరుపు ఆవిడకి అందుబాటులో ఉంటుంది. పొడుగావిడ నడుం మీదనుంచి వంగి, చెయ్యి సాచి, పైనుంచి దోపుతోంది. ఇక బిగువెక్కణ్ణుంచి వస్తుంది? "నువ్వు వంగకు. మోకాలు నేల మీద ఆనించు. అరచెయ్యి పరుపు కింద చదునుగా పెట్టి తొయ్యి" అంది. ఆ మూల ఊడలేదు. పొడుగావిడ ఆ దుప్పటిని గట్టిగా గుంజి చూసి, మళ్ళీ గుంజి చూసి, వదినవైపు తిరిగి మొదటిసారి నవ్విందట.

పరీక్ష రోజు దుప్పట్లు ఇచ్చే నెపంతో నేనూ పైకెళ్ళాను. గదిలో మేనేజర్‌గారు, మేడం. గుమ్మంలో వదిన. పొడుగావిడ మోకాళ్ళ మీద చుట్టూ తిరుగుతూ పక్క వేస్తోంది. మూడు మూలలు గట్టిగా కూర్చున్నాయి. నాలుగోది కిటికీ వైపు ఇరుకులో ఉంది. అక్కడ మోకాలు ఆనించే చోటు లేక మళ్ళీ పైనుంచి దోపింది. నేను చూశాను. వదిన నాకంటే ముందే చూసింది. చేతులు కట్టుకునే ఉంది గానీ వేళ్ళు మోచేతుల్లోకి దిగబడిపోతున్నాయి.

మేనేజర్‌గారు ఆ మూలే లాగారు. దుప్పటి లేచి వచ్చింది.

"ఇదేంటి? మూడు నెలల్లో నీ గదుల మీద ఒక్క ఫిర్యాదు లేదే?" అన్నారు.

పొడుగావిడ వదినవైపు ఒక్క చూపు చూసింది. నిజం చెప్పేస్తే వదిన పని అయిపోయినట్టే. "కంగారులో జారిపోయింది సార్. తప్పు నాదే" అంది పొడుగావిడ, తల దించుకుని.

అప్పుడు మా వదిన గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. నలుగురిలో గొంతెత్తి మాట్లాడటం నేనెప్పుడూ వినని మనిషి. "కంగారు కాదు సార్. ఇన్నాళ్ళూ ఆవిడ పక్కలు నేనే మళ్ళీ వేశాను, అందుకే ఫిర్యాదు రాలేదు. ఆవిడకి నేర్పడం ఈ వారమే మొదలుపెట్టాను. ఈ వారంలోనే మూడు మూలలు వచ్చాయి. నాలుగోది కూడా వస్తుంది. ఆవిడకి ఇంకో నెల ఇవ్వండి. ఎవర్నైనా తీసెయ్యాలంటే నన్ను ఈ పోస్టులోంచి తీసెయ్యండి" అంది.

మేనేజర్‌గారు మేడంవైపు చూశారు, మూడు మూలలూ ఇంకోసారి లాగి చూశారు. "సరే, ఆవిడకి నెల ఇస్తున్నాను. మీ పోస్టు సంగతి కూడా ఆ నెలాఖరునే చూస్తాను" అని వెళ్ళిపోయారు. మేడం వదిన భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, ఆయన వెనకే వెళ్ళింది.

పొడుగావిడ మంచం అంచు పట్టుకుని నిలబడింది. "ఎందుకక్కా అలా చెప్పారు? నాకోసం మీ ఉద్యోగం మీదికి ఎందుకు తెచ్చుకున్నారు?" అంది.

"ఇన్నాళ్ళూ నిన్నడక్కుండా నీ ఉద్యోగం మీదికి నేను తెచ్చాను కదమ్మా" అంది వదిన.

పొడుగావిడ ముక్కు చీది, మంచం కాస్త ఇవతలికి జరిపి, కిటికీ పక్క మోకాలు ఆనించి కూర్చుంది. దుప్పటి దోపి, "చూడండక్కా" అంది. వదిన వంగి చూసింది.

"బాలేదు. మళ్ళీ వెయ్యి" అంది.

అంత మెత్తటి గొంతుతో ఎవరైనా ఎవరికైనా బాలేదని చెప్పడం నేనెక్కడా వినలేదు. పొడుగావిడ తడి కళ్ళతోనే నవ్వి, దుప్పటి లాగేసి మళ్ళీ మొదలుపెట్టింది. నేను చేతిలో ఉన్న తువ్వాళ్ళు అక్కడే పెట్టి, నా ఏడుపు వాళ్ళ కంటపడకుండా మెట్లు దిగి వచ్చేశాను.