సూర్యలంక నుంచి రేపల్లె దాకా

మా అమ్మాయీ అల్లుడూ తొమ్మిది నెలల పసిదాన్ని తెనాలి తెచ్చి నా ఒళ్లో పెట్టి, నాసిక్ ద్రాక్షతోటలు చూడ్డానికి, చూడ్డానికేంలెండి, అక్కడి ద్రాక్షసారా రుచి చూడ్డానికి, శని ఆదివారాలు కలిసొచ్చేలా చెక్కేశారు. నా ఈడు చుట్టాలంతా ఫోన్లోనే ముక్కున వేలేసుకున్నారు. ఆ మాటకొస్తే చంటిబిడ్డను వదిలి మొగుడితో ఊరెళ్లడం ఈ తరం కనిపెట్టిందేమీ కాదు. పాతికేళ్ల పైమాటే, నేనూ వెళ్లాను. తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

అప్పటికి ఈ అమ్మాయికి ఏడో నెల. నేనూ మా ఆయనా మాట్లాడుకునే మాటలన్నీ జ్వరం చుట్టూ, విరేచనాల చుట్టూ తిరిగేవి. అవి అయిపోతే పోట్లాట. ఆయన స్నేహితుడొకాయన, బాపట్లలో మా ఇల్లు ఖాళీగా ఉంది, రెండ్రోజులుండి సముద్రం చూసి పొండి అంటే, ఎగిరి గంతేసింది ఆయన కాదు, నేను. రేపల్లెలో ఒక్కతే ఉండే మా అమ్మ ఆదివారం ఏసు గుడి మానడం ఎరగని మనిషి. పిల్లను దింపబోతే, ఆరాధన ఎగ్గొట్టి షికార్లా, పిల్ల ఏం తాగుద్దే అని గుమ్మంలోనే నిలేసింది. సీసాపాలు అలవాటు చేశాను, తాగుద్దిలే అని నేనూ అంతే గట్టిగా అన్నాను. నా చేత్తో పడితేనే తాగుతుందని నాకు మాత్రం ఏం తెలుసు?

శనివారం సాయంత్రం సూర్యలంక ఒడ్డున, పెళ్లయిన కొత్తలోలాగా, ఇద్దరం ఊరికే నవ్వుకుంటూ తిరిగాం. మర్నాడు పొద్దున్నే ఆయన తాటితోపులో అప్పుడే దింపిన కల్లు ముంతలో పోయించుకొచ్చి, మన ద్రాక్షతోట ఇదేనోయ్ అని కూర్చున్నాడు. రాత్రంతా సలుపుతున్న నా రొమ్ములు అప్పుడే పొంగి పైటంతా తడిసిపోయింది. పాలు అలా పొంగితే ఎక్కడో బిడ్డ ఏడుస్తున్నట్టేనని మా అమ్మ అనేది. ముంత అక్కడే వదిలేసి ఫోను బూత్‌కి పరుగెత్తాం. మా అమ్మ ఇంటి దగ్గరి కిరాణాకొట్టాయన, పాప రాత్రి నుంచి చుక్క ముట్టలేదంటమ్మా, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది, మీ అమ్మగారేమో, అని చెబుతుండగా లైను తెగింది. మళ్లీ కలవలేదు.

బాపట్లలో రైలెక్కిన దగ్గర్నుంచీ నీవల్లంటే నీవల్లని కొట్టుకున్నాం. నిడుబ్రోలు దాటాక ఆ పోట్లాటా ఆగిపోయింది. అప్పుడు వేసింది నాకు అసలు భయం. తెనాలిలో దిగేసరికి రేపల్లె రైలు వెళ్లిపోయింది. బస్సెక్కితే అది పిలిచిన ప్రతివాడికీ ఆగింది, చివరికి డ్రైవరు టీ తాగడానికి దిగిపోయాడు. నీకు పిల్లల్లేరా బాబాయ్ అని కిటికీలోంచి అరిచాను. ముగ్గురున్నారు తల్లీ, అందుకే ఈ టీ అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

తీరా వెళితే మా అమ్మ ఇంటికి తాళం. మా ఆయన ఆసుపత్రిలో చూసొస్తానని వెనక్కి పరుగెత్తాడు. నేను తాళం పట్టుకుని లాగి చూస్తున్నాను. అంతలో పక్కింటి కిటికీలోంచి మా అమ్మ దగ్గు వినపడింది. అది ఒక సాయిబుగారిల్లు, ఆయన దర్జీ, ఆయన భార్యకు ఐదునెలల కొడుకు. గభాలున లోపలికి దూరాను. మా అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది, గుడి మానేసింది. నా బిడ్డ ఆమె ఒళ్లో లేదు, ఆ దర్జీ భార్య రొమ్ము పట్టుకుని ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ, తలెత్తకుండానే, "అరవమాక అక్కా, ఇప్పుడే కునుకు పడతంది" అంది.

బిడ్డ బతికిందన్న నిమ్మళం ఒక పక్క, ఒళ్లంతా కారం రాసినట్టు మంట ఒక పక్క. లాక్కుని నా రొమ్ముకు పెట్టుకున్నాను. పొట్ట నిండిన పిల్ల మొహం తిప్పుకుని నిద్రపోయింది. రాయిలా బిగుసుకున్న రొమ్ములతో నేను అలాగే కూర్చుండిపోతే, ఆవిడ ఉయ్యాల్లో గుక్కపట్టిన తన కొడుకును తెచ్చి నా ఒళ్లో వేసింది. "వీడి పాలు నీ కూతురు తాగేసింది. నీయి వీడికియ్యి."

ఇచ్చాను. వాడు ఆవురావురుమని తాగాడు.

మా ఆయన ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఆవిడ తీరిగ్గా చెప్పింది. వాళ్ల మతంలో పాలిస్తే తల్లేనట, తాగినవాళ్లు ఆ ఇంటి పిల్లలకు తోబుట్టువులేనట, వాళ్ల మధ్య పెళ్లిమాట జన్మలో రాకూడదట. అందుకని మిషను మీదున్న మొగుణ్ని ముందు అడిగి మరీ ఇచ్చిందట. "కూతురు కావాలంటివిగా, మోసే పని లేకుండా వచ్చింది, ఒప్పుకో అని చెప్పానక్కా" అని నవ్వింది. మా అమ్మాయి పెళ్లిలో వడ్డనల దగ్గర, రెండు నెలలు చిన్నవాడై ఉండీ, అందరి మీదా అన్నగారి పెత్తనం చేసినవాడు ఆ ఉయ్యాల్లో పిల్లాడే. వాడి తల్లి పోయినప్పుడు సొంత కూతురిలా కూర్చుని ఏడ్చింది మా అమ్మాయి.

ఇప్పుడు నా ఫ్రిజ్‌లో మా అమ్మాయి తన పాలు పిండి గడ్డకట్టించి ఉంచిన పొట్లాలు ఉన్నాయి. వేడినీళ్లలో పెట్టి పడుతుంటే మనవరాలు పేచీ లేకుండా తాగుతోంది. మంచిదే, ఆ బస్సులో నేను పడ్డ యాతన ఏ తల్లీ పడకూడదు. కాకపోతే, ఖర్మకాలి ఈ రాత్రి కరెంటు పోయి ఆ పాలు విరిగిపోయాయనుకోండి, ఈ అపార్టుమెంటులో ఏ తలుపు కొట్టాలో నాకు తెలియదు. ఎదురింట్లో బాలింత ఉందో లేదో కూడా తెలియదు.