తరవాణి కుండ అడుగు

తెనాలి స్టేషను దగ్గర పాత పుస్తకాల బండి మీద కొన్న నవలకు తడిసి ముక్కిన వడ్ల వాసన ఉంది. లోకం అంతమయ్యాక మిగిలిన కొందరి కథ అది. దాహంతో వచ్చిన ఓ తల్లిని కథానాయకుడు బావి దగ్గర నుంచి తరిమేస్తాడు. రచయిత దాన్ని తెలివి అంటాడు. మంచివాళ్లందరినీ ముందే చంపేస్తాడు. ఆ తెలివిని నేను చిన్నప్పుడే దగ్గర నుంచి చూశాను.

రేపల్లె దిగువన మా ఊళ్లో కార్తీకమంటే పండిన చేలు, పెరట్లో గోళీలాట, కాల్చిన తేగలు, పొద్దున్నే నాయనమ్మ వంచి ఇచ్చే పుల్లటి తరవాణి. గంజీ అన్నమూ పోసి పులియబెట్టే ఆ కుండను ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యరు. అడుగున మిగిల్చిన పులుపుతోనే మర్నాటిది పులుస్తుంది. స్నానం చెయ్యనిదే ఆవిడ దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఉప్పెన వచ్చిన ఏడు అందరూ పెట్టెలూ పరుపులూ మోస్తుంటే, ఆవిడ ఆ కుండ నెత్తిన పెట్టుకుని పెదనాన్న డాబా ఎక్కింది.

తెల్లారేసరికి వాన వెలిసింది. చుట్టూ ఉప్పునీళ్లు, ఉబ్బిన గేదెలు, కుళ్లుతున్న గడ్డి, ఈగలు. పెదనాన్న దింపించి దాచిన కొబ్బరిబొండాలు మేడగదిలో ఉన్నాయి. తాళంచెవి ఆయన మొలతాడుకుంది. మాకందరికీ తరవాణే గతి. సాయంత్రానికి, వలలు లాగేవాళ్ల కోడలు సూరమ్మ చంటిబిడ్డతో తాటిదుంగ పట్టుకుని వచ్చి మెట్ల మీద కూలబడింది. బిడ్డ ఏడవడం కూడా మానేశాడు.

“ఓ బొండం కొట్టివ్వరా,” అంది నాయనమ్మ పెదనాన్నతో.

“ఇవాళ ఈవిడ, రేపు ఊరంతా. మనవాళ్లు బతకొద్దా అమ్మా?”

“నువ్వు బతుకుతావులే. నాకా బెంగ లేదు.”

నాయనమ్మ కుండ వంచి అడుగున మిగిలిందంతా సూరమ్మ నోట్లో పోసింది.

“అదేంటి అత్తయ్యా, అడుగు కూడా ఉంచలేదు?” అంది అమ్మ.

“పిల్లాడికి పాలు రావద్దూ?”

చీకటి పడేముందు వాడు గుక్కపట్టి ఏడ్చాడు.

పడవల్లో బియ్యం వచ్చాక కూడా పెదనాన్న గది తెరవలేదు. చివరికి తెరిస్తే బొండాలు పగిలి, నీళ్లు కారి, బూజూ పురుగులూ పట్టి ఉన్నాయి. గేదెల కంపు నయం. అన్నీ పెంటదిబ్బ మీద పోయించి, ఆ తర్వాత ఏళ్ల తరబడి అరుగు మీద తన ముందుచూపు గురించి చెప్పుకున్నాడు, వినేవాళ్లు తలలూపారు. ఆయనా బతికాడు, సూరమ్మ కొడుకూ బతికాడు. నవల రాసినాయన లెక్కలో ఆ రెండోవాడు లేడు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. మా ఇళ్లల్లో పొద్దున్నే కాఫీ. తరవాణి కుండ ఎవరింట్లోనూ కనపడదు. డాబా ఉంది, మేడగదికి తాళం ఉంది.

నవల తిరిగి ఇచ్చేశాను.

“అప్పుడే చదివేశారా సార్? ఎలా ఉందండి?” అన్నాడు బండివాడు.

“కంపు కొడుతోందండి,” అన్నాను.

అతను పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఎండలో ఆరబెట్టాడు.