మా హిందీ టీచర్‌కు దక్కని దారి

మా హిందీ టీచర్ పోయారు. పోయిన వారం ఒకరోజు పొద్దున కూర తరుగుతుంటే ఆమె కూతురు ఫోన్ చేసింది. "అమ్మ ఇగ లేదక్కా," అంది. నేను నోరు తెరిచేలోపే, "అందరూ ఒకటే అడుగుతున్నరు, గా వయసుల సైకిలెందుకు తొక్కిందని. నువ్వన్నా అడగకు," అంది. నేను అడగలేదు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. ఈ నాలుగు ముక్కలూ ఆ కోపంతోనే రాస్తున్నాను, పాఠకులు మన్నించాలి.

టీచర్ ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో. మా బడి గన్‌ఫౌండ్రీలో. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా ఎక్కడికి వెళ్లాలన్నా ఆమెకు సైకిలే. కుచ్చిళ్లు చైనులో పడకుండా బట్టల క్లిప్పు పెట్టుకునేవారు. అది తీయడం మరిచిపోయి క్లాసుకొస్తే మేం నవ్వేవాళ్లం, సంగతి తెలిసి ఆమె మాకంటే గట్టిగా నవ్వేవారు. బడి వదిలాక మైదానంలో ఆడపిల్లలకు సైకిల్ నేర్పింది కూడా ఆమే. బెల్లు కొట్టడానికి నేను సిగ్గుపడుతుంటే, "బెల్లు కొట్టుడంటే బతిమాలుడు కాదే. నేనూ ఉన్ననని చెప్పుడు," అన్నారు.

కొన్నేళ్ల కిందట అబిడ్స్‌లో రోడ్డు అంచున ఆకుపచ్చ రంగు పూసి, సైకిల్ బొమ్మ వేసి, ఇది సైకిళ్ల దారి అన్నారు. మా ఆఫీసు ఆ రోడ్డు మీదే. టీచర్ నన్ను కిందికి పిలిచి మరీ చూపించారు. "మనకంటూ గింత జాగ ఇచ్చిన్రు, చూడవే!" ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. రంగు మాయకముందే ఆ బొమ్మల మీద కార్లు నిలబడ్డాయి.

అప్పటినుంచి ఆమె ఏ కారు అడ్డమొచ్చినా సైకిల్ దిగి, దాని వెనకే నిలబడేవారు. ఒకసారి నేనూ పక్కనే ఉన్నాను. మిఠాయి దుకాణంలోంచి డబ్బాలు పట్టుకుని ఒకాయన తీరిగ్గా వచ్చాడు.

"రెండే నిమిషాలు మేడమ్, గంతే."

"నీ రెండు నిమిషాల కోసం నేను బస్సుల నడుమకు పోవాల్నా, బిడ్డా?"

"గీ వయసుల సైకిలెందుకమ్మా మీకు? ఆటోల పోరాదు?"

"నా వయసు ఫికర్ నీకెందుకు? బండి తియ్."

ఆయన నవ్వుతూనే తీశాడు. మేం నాలుగు దుకాణాలు దాటామో లేదో, ఇంకో కారు. టీచర్ మళ్లీ దిగారు. నాకు విసుగొచ్చింది, ఆమెకు రాలేదు.

ఫిర్యాదు చేయడానికి ఆఫీసుల చుట్టూ కూడా తిరిగారు. ఒకచోట ఒకాయన కుర్చీ చూపించి, మంచినీళ్లిప్పించి, "పార్కింగ్‌కు జాగ లేదమ్మా. వాళ్లు మాత్రం ఏడ పెట్టుకోవాలె?" అన్నాడట. "నేనేడ తొక్కాలె? అది చెప్పుండ్రి," అన్నారట ఈమె. ఆయన ఇంకో ఫైలు తెరిచాడట. ఆ జవాబు ఇప్పటికీ రాలేదు.

ప్రమాదం జరిగిన రోజు మొజంజాహీ మార్కెట్‌లో పండ్లు కొనుక్కుని ఇంటికి వెళ్తున్నారు. సైకిళ్ల దారిలో కారు ఆగి ఉంది, లోపల ఎవరూ లేరు. వెనక వచ్చే బైకులవాళ్లు హారన్లు కొట్టి తొందర పెడుతుంటే ఆమె కారును తప్పించుకుని రోడ్డు మీదికి వచ్చారు. వెనక నుంచి వస్తున్న ఆటో తగిలింది. తలకు దెబ్బ. ఆ ఆటో డ్రైవరే ఆమెను ఎత్తుకుని దవాఖానకు తీసుకెళ్లాడు. నేను వెళ్లేసరికి వరండాలో నేల మీద కూర్చుని, "ఆమె ఒక్కసారిగ బయటికి వచ్చింది మేడమ్, బ్రేక్ కొట్టినా ఆగలే," అని ఏడుస్తున్నాడు. ఆమె మళ్లీ కళ్లు తెరవలేదు; మర్నాడు పొద్దున్నే కూతురి ఫోన్ వచ్చింది. ఆటో అతని పేరు పోలీసు కాగితాల మీదికి ఎక్కింది. ఆ కారు ఎవరిదో ఎవరూ రాసుకోలేదు. పోలీసులు వచ్చేలోపే దాన్ని ఎవరో తీసుకుని వెళ్లిపోయారు. బహుశా ఆ మనిషికి ఈ చావు సంగతి కూడా తెలియదు. నన్ను నిద్రపోనివ్వనిది అదే.

మొన్న అబిడ్స్‌లో ఒక హాలు కిరాయికి తీసుకుని సంతాప సభ పెట్టాం. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. కుర్చీలు నిండాక టీచర్ కూతురు మైకు అందుకుంది.

"జర ఒక్క మాట. కింద సైకిళ్ల దారిల కార్లు పెట్టినోళ్లు తీసి రాండ్రి. గప్పటిదాకా సభ మొదలువెట్టం."

ముందు వరుసలోంచి ఎవరో మెల్లగా, "గంటలో అయిపోతది కదమ్మా, పోయేటప్పుడు తీస్తం," అన్నారు.

ఆ అమ్మాయి మైకు బల్ల మీద పెట్టి, కూర్చుని, చేతులు ఒడిలో పెట్టుకుంది. చాలాసేపటికి ఒకాయన తల వంచుకుని లేచాడు. తర్వాత ఇంకొకరు. తాళాల చప్పుడుతో వరసగా మెట్లు దిగారు.

నేను కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను. ఒక్కో కారూ కదిలి, కింద దుమ్ము పట్టిన ఆకుపచ్చ రంగు బయటపడింది. వీధి చివరి దాకా దారి ఖాళీ. టీ ఫ్లాస్కు వెనక కట్టుకున్న ఒక పెద్దాయన ఆ దారిలోకి సైకిల్ తిప్పాడు. అడ్డంగా ఏమీ లేకపోవడం వింతగా ఉందేమో, ఒకసారి అటూ ఇటూ చూసుకుని నిమ్మళంగా తొక్కసాగాడు. ఆయన ఆ చివరికి చేరకముందే, వెనక రోడ్డు మీద ఒక తెల్ల కారు వేగం తగ్గించి, ఖాళీ జాగా కనబడగానే ఎడమవైపు ఇండికేటర్ వేసింది.