మామను ఏద్దామనుకున్నాం

ఆ రోజుల్లో నెలకు ఒక్క జీబీ నెట్ వేయించుకుని, ఇంట్లో నెయ్యి వాడినట్టు చెంచాతో కొలిచి వాడుకునేవాళ్లం. అందులో చదువుకు ఖర్చయింది ఎంతో అడక్కండి, ముప్పాతిక భాగం అంతరిక్షానికే పోయేది. నేను జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు రోజూ బస్సులో డిగ్రీకి పోయేదాన్ని. నా స్నేహితురాలు పులివెందుల పిల్ల, కాలేజీ పక్కనే హాస్టల్లో ఉండేది. దేనికీ భయపడదు, నోరు తెరిస్తే ఆగదు కాబట్టి ఆమెను రాకెట్ అనేవాళ్లం. అద్దం పగిలిన ఆమె ఫోన్‌లో, చెరొక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఒక విదేశీ సీరియల్ చూసేవాళ్లం. దారి తప్పిన ఓడ ఒకటి నక్షత్రాల మధ్య తిరుగుతుంటుంది, అందులో సిబ్బంది వారానికొకరు చచ్చిపోతుంటారు, కెప్టెన్ మాత్రం చెక్కుచెదరడు. అలాంటిది రెండో భాగం మొదలయ్యేసరికి కెప్టెన్ వేషానికి వేరే నటుణ్ణి పెట్టేశారు. ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో మేమిద్దరం ఇంట్లో మనిషి పోయినట్టు కూర్చున్నాం. అంత గంభీరమైన మనిషిని తీసేసి ఈ పాలముఖం వాణ్ణి యాడి నుంచి పట్టుకొచ్చినారు మే అని రాకెట్ అన్నం కూడా ముట్టలేదు.

దుఃఖం తీరాక, ఈ సీరియల్‌ను మనమే తెలుగులో తీస్తే ఎవరిని పెట్టాలి అన్న చర్చ మొదలైంది. సినిమా హీరోలు వద్దనుకున్నాం (ఓడ కదలకముందే ఒక పాట, రెండు ఫైట్లు అడుగుతారని మా అనుమానం). తెలిసినవాళ్లలోంచే, క్యాంటీన్లో వడ్డించే అక్క (మాకు అప్ప) దాకా, ఏరుకున్నాం. ఇక్కడ మా వైపు భాష గురించి ఒక మాట చెప్పాలి. మాకు ‘ఏయడం’ అనే మాటతో పనులెక్కువ. ముగ్గు ఏస్తాం, విత్తనం ఏస్తాం, కొత్త బస్సు ఏస్తారు, నాటకంలో వేషానికి ఫలానా ఆయన్ను ఏస్తారు. ఇదే మాట మనిషి మీద ఒంటరిగా పడితే మాత్రం, ఆ మనిషి ఇంక ఉండడని అర్థం. మేము నాటకం అర్థంలోనే వాడుతున్నాం కాబట్టి రెండోది మాకు తట్టనే లేదు. కెప్టెన్‌గా మా మామను ఏద్దామని, మన కథలో కెప్టెన్ కూడా పోవాల్సిందేనని రాకెట్ తేల్చేసింది. ఆమె చెబుతుంటే నా లాంగ్‌బుక్ చివరి పేజీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. జమ్మలమడుగులో కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షాపు ఆయనది. ఆ మీసం, ఆ గొంతు చూసి ఊరంతా ధైర్యస్తుడనుకునేది గానీ, నాకు తెలిసి ఆయనంత భయస్తుడు లేడు. ఎప్పుడో పొలం దోవ దగ్గర దాయాదులతో పెద్ద గొడవైంది. పెద్దమనుషులు రాజీ చేసి ఏళ్లు గడిచాయి. అయినా మామ ఎక్కడ కూర్చున్నా వాకిలికి ఎదురుగానే కూర్చునేవాడు, షాపుకు రోజుకొక సందులోంచి పోయేవాడు. ఇవన్నీ తెలిసి కూడా, ఒకరోజు బస్సు దిగి షాపులో నీళ్లు తాగి, లాంగ్‌బుక్ ఆయన బల్ల మీదే మరిచిపోయి ఇంటికొచ్చాను.

అరగంటకల్లా మామ ఇంటికొచ్చాడు. పట్టపగలు షాపుకు షట్టర్ దించి రావడం మేమెప్పుడూ చూడలేదు. లోపలికి వచ్చీ రాగానే తలుపు గడియ పెట్టాడు. కిటికీ కూడా మూయమని అమ్మకు సైగ చేశాడు. తర్వాత లాంగ్‌బుక్‌ను మా నాయన చేతిలో పెట్టాడు. ఆఫీసులో గుమాస్తా కాబట్టి నాయన ఏ కాగితాన్నైనా పైకి చదువుతాడు. అలాగే చదివాడు.

“ఏయాల్సినోళ్లు. ఒకటి, మోటార్ల మామ. మూడో వారంలో పోతాడు. ముందుగా చెప్పొద్దు, ఒప్పుకోడు. రెండు, హాస్టల్ వార్డెన్. గాలి తీసేసి. మూడు, క్యాంటీన్ అప్ప. చివరిదాకా ఉండాల, ఎవురికీ అనుమానం రాగూడదు.”

చదవడం అయ్యాక అమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. అది వేషాల లిస్టు నాయనా అన్నాను. ఎక్కడ ఆడతారని అడిగాడు. అంతరిక్షంలో అన్నాను. (నిజమే చెప్పాను. ఆ గదిలో అంతకన్నా పెద్ద అబద్ధంలా వినిపించే మాట ఇంకొకటి లేదు.)

మామ నా ఎదురుగా కూర్చున్నాడు. ఆయన అరిచి ఉంటే ఇంత భయమేసేది కాదు. “అమ్మీ, నిన్నెవురూ ఏమీ అనరు. ఎవురు రాయించినారో చెప్పు సాలు. నేను షాపుకు ఏ దోవన పోతానో గూడా అడిగినారా?” అన్నాడు. రాయించింది నా స్నేహితురాలని చెప్పాను. ఏ ఊరని అడిగాడు. పులివెందుల అన్నాను. మామ కళ్లు మూసుకున్నాడు. దాయాదుల అల్లుడిది ఆ ఊరేనట, నాకేం తెలుసు. నాయన లాంగ్‌బుక్ మూసి, రేపటి నుంచి కాలేజీ లేదన్నాడు. ఆయన ఒకసారి అన్నాడంటే తిరిగేది లేదు. ఇంకా మూడు సెమిస్టర్లు మిగిలున్నాయి. బీయస్సీ చదవాలని రెండేళ్ల కిందట మూడు రోజులు అన్నం మానేసి ఒప్పించుకున్న చదువు ఒక్క క్షణంలో చేజారిపోతోంది.

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. రాకెట్. నాయన స్పీకర్ పెట్టి, మాట్లాడమని కళ్లతోనే చెప్పాడు. నేను హలో అనేంతలోనే ఆమె బయలుదేరిపోయింది. “మే, మీ మామ ఫోటో పంపీమంటే పంపలేదు. పక్క నుంచి తీసింది కావాల. నేను శానా ఆలోచన చేసినా మే, ఆయన్ను మూడో వారం దాకా ఎందుకు, మొదటి వారమే ఏసేద్దాం.”

మామ లేచి నిలబడి గోడ దాకా వెనక్కిపోయాడు. రాకెట్‌కు ఇవేవీ కనపడవు కదా, అలాగే సాగిపోతోంది. “అయితే ఒకటే ఇబ్బంది. అంత మీసం హెల్మెట్లో పట్టదు. లోపల అద్దానికి తగులుకుంటాది. గొరిగిచ్చుకుంటాడా అడుగు.”

నాయన ఫోన్ దగ్గరికి వంగి, హెల్మెట్ ఏంది పాపా అని అడిగాడు. వేరొకరైతే ఫోన్ పెట్టేసేవాళ్లు. ఆమె నమస్తే అంకుల్ అని, ఓడ దారి తప్పిన కాడి నుంచి కెప్టెన్‌ను మార్చిన అన్యాయం దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పింది. వార్డెన్‌కు గాలి ఎందుకు తీస్తారో, మామ వేషం మొదటి వారానికే ఎందుకు ముగియాలో, క్యాంటీన్ అప్ప వేరే గ్రహం మనిషని ఎవరికీ ఎందుకు తెలియకూడదో కూడా చెప్పింది. నాయన మధ్యలో రెండు ప్రశ్నలు అడిగాడు (ఒకటి, ఓడకు డీజిల్ ఎక్కడ పోస్తారని). ఫోన్ పెట్టేశాక అమ్మ లేచి కిటికీ తెరిచింది. నాయన లాంగ్‌బుక్ నా చేతికిచ్చి, కాలేజీ మాట మామనే అడగమన్నాడు. భయపడింది వాడు కదా అన్నాడు.

మామ ముఖం తుడుచుకుని, వాకిలి వైపు చూడకుండా నన్నే చూశాడు. పిల్లను చదువు మాన్పించేంత తప్పేముంది బావా అన్నాడు. తర్వాత చిన్నగా, నాయనకు వినపడకుండా, “అమ్మీ, ఆ కెప్టెన్ సచ్చిపోవాల్సిందేనా?” అని అడిగాడు.

నేను పెన్ను తీసి, ‘మూడో వారంలో పోతాడు’ అన్నదాన్ని కొట్టేసి, పైన ‘పోడు’ అని రాసి చూపించాను. మామ ఆ పేజీ రెండుసార్లు చదువుకున్నాడు. మీసం నిమురుకుంటూ గడియ తీసి, దగ్గర సందులోంచే షాపుకు పోయాడు. నేను చేతులు కడుక్కుని పీట మీద కూర్చుని, కడుపు నిండా అన్నం తిన్నాను. ఇప్పుడు నా కూతురికి టీకా వేయించుకొచ్చిన రోజు కూడా ముద్ద దిగని నేను, రెండక్షరాలతో ఒక మనిషి ప్రాణం నిలబెట్టి, మారు అన్నం అడిగి మరీ తిన్న ఆ కాలేజీ పిల్లను తలచుకుని నవ్వుకుంటాను.