ఎడమ పక్క బిగిసిన జాకెట్టు

కరోనా తగ్గాక వచ్చిన రెండో డిసెంబరు అది. అరకులో సంత వీధి చివర నాది ఒక్క గది కొట్టు. ఒక మిషను, ఒక నిలువుటద్దం, మూలన కర్టెన్ కట్టిన కాస్త చోటు, అంతే. ఆ నెల వస్తే మంచు చూడడానికొచ్చే కార్లతో రోడ్లన్నీ నిండిపోతాయి. నాకు మాత్రం మంచూ కనపడదు, కొండా కనపడదు. చుట్టుపక్కల ఊళ్లలో చర్చికి వెళ్లే ఆడవాళ్లందరికీ క్రిస్మస్‌కి తెల్ల చీర మీదకి కొత్త జాకెట్టు కావాలి. కాఫీ పళ్లు కోసే రోజులూ అవే కాబట్టి ఎవరికీ ఆగే తీరిక ఉండదు. పొద్దు వాలేసరికి నడుం పట్టేసి, సూదిలో దారం ఎక్కించడానికి కూడా కళ్లు ఆనవు.

మా పనిలో టేపు పెట్టి కొలిచేది తక్కువ. ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇస్తారు. దాన్ని ఆది జాకెట్టు అంటాం. దాన్ని గుడ్డ మీద పరిచి అదే కొలతకి కత్తిరిస్తాం. రొమ్ము దగ్గర గుడ్డ కాస్త గుండ్రంగా తిరగడానికి లోపలికి మడిచి కుట్టే మడతని డాట్ అంటారు. జాకెట్టు బాగా కుదిరిందా లేదా అన్నది ఆ డాట్ మీదే ఉంటుంది. ఇక లోపల రెండు పక్కలా కాస్త గుడ్డ వదిలేస్తాం, మార్జిన్ అని. మనిషి లావైతే కుట్టు విప్పి వదులు చెయ్యడానికి.

ఇన్నేళ్లలో నేను గమనించిన సంగతి ఒకటి చెబుతాను. రెండు రొమ్ములూ అచ్చంగా ఒకేలా ఉన్న ఆడమనిషిని నేను దాదాపుగా చూడలేదు. ఎవరికో ఒక పక్క కాస్త ఎక్కువే ఉంటుంది. డాట్ కొంచెం అటూ ఇటూ జరిపి కుట్టేస్తాం, వాళ్లకి చెప్పనైనా చెప్పం. ఎదిగే వయసు ఆడపిల్లలకి ఒకటి ముందు, ఒకటి వెనక ఎదుగుతుంది. తల్లులు ఆ పిల్లల్ని కర్టెన్ వెనక్కి తీసుకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటారు, ఏదో కొంప మునిగిపోయినట్టు. చంటిబిడ్డకి ఒక పక్కే ఎక్కువ పాలిచ్చే తల్లికీ తేడా వస్తుంది. ఇవన్నీ చూసీ చూసీ నాకు అలవాటైపోయింది.

ఎస్తేరు వచ్చిన సాయంత్రం కొట్లో అరడజను మంది కూర్చుని ఉన్నారు. ఆమెకి నలభై ఉంటాయేమో. కొండ మీద ఊరు, కాఫీ తోట, చోళ్లు, అంటే రాగులు, పండే చేను, ముగ్గురు పిల్లలు. ఆఖరివాడు బడికి వెళ్తున్నాడు. ఏటా నా దగ్గరే కుట్టించుకుంటుంది, అందరిలాగే నన్ను అప్పా అంటుంది, అక్కా అన్నట్టు. ముందు రోజు పట్టుకెళ్లిన తెల్ల జాకెట్టు తెచ్చి నా మిషను మీద పడేసింది.

"ఏటి సేసినావప్పా ఇది? కుడి పక్క బాగానే ఉంది, ఎడమ పక్క పట్టీసింది. చెయ్యెత్తితే కుట్లు ఊడిపోయేలాగుంది."

"ఆది జాకెట్టు ప్రకారమే కత్తిరించినానే."

"నానేటి అబద్ధం సెప్తన్నానా? క్రిస్మస్ గాబరాలో అందరివీ ఇలాగే పాడు సేత్తన్నావు."

కూర్చున్నవాళ్లు మొహాలు చూసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆమె సంచిలోనే ఉన్న ఆది జాకెట్టు తీసి చేతికిచ్చి, "కర్టెన్ ఎనక్కెళ్లి ఇది ఓపాలి ఏసుకో" అన్నాను. అది పోయిన క్రిస్మస్‌కి నేనే కుట్టింది. పండగకి వేసుకుని దాచుకున్నది, అప్పుడు అచ్చంగా సరిపోయింది.

ఎంతసేపటికీ బయటికి రాలేదు. లోపలికి వెళ్లి చూశాను. అది కూడా ఎడమ పక్క పట్టేసింది. హుక్కులు కలవడం లేదు.

"ఉతికితే కుంచించుకుపోయుంటాది" అంది.

"ఒక్క పక్కే కుంచించుకుపోతాదేటి, ఎస్తేరూ?"

జాకెట్టు విప్పుతున్నప్పుడు ఎడమ రొమ్ము కింద చర్మం కనపడింది. డాట్ పట్టినచోట గుడ్డ లోపలికి లాక్కున్నట్టు ఒకచోట చర్మం లోపలికి పోయి ఉంది. అలాంటిది నేను అంతకుముందు చూడలేదు. ఎప్పట్నించి అని అడిగాను.

"వానల ముందర్నించి కాస్త గట్టిగా తగులుతాది. నొప్పి నేదు అప్పా. నొప్పి నేకపోతే రోగమేటి? బస్తాలు మోసినప్పుడు ఒరుసుకునుంటాది."

"మీ ఊరికొచ్చే గవర్మెంటు నర్సమ్మకి సూపించు."

ఆమె మొహం మారిపోయింది. "నువ్వు గుడ్డ పాడు సేసి నా ఒంటికి వంక పెడతావేటి?"

నేను ఏం చెప్పినా నా తప్పు కప్పిపుచ్చుకోవడానికే అనుకుంటుంది. బయట అంతమంది కూర్చుని వింటున్నారు. మార్జిన్‌లో గుడ్డ ఉంది. ఎడమ పక్క కుట్టు విప్పి వదులు చేసి ఇచ్చేస్తే ఆమె సంతోషంగా వెళ్లిపోతుంది, నేను ఇంకో జాకెట్టు మొదలుపెట్టుకుంటాను. నిజం చెప్పాలంటే నా ఒంట్లో ఉన్న అలసటకి ఆ పని చాలా తేలికగా కనపడింది. కత్తెర చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ ఆ లాక్కున్న చర్మం కళ్లముందు నుంచి పోలేదు. ఎదిగే పిల్ల కాదు, పాలిచ్చే తల్లి కాదు. ఏడాది కిందట సరిపోయిన ఒళ్లు ఒక పక్కే ఎందుకు మారింది? కత్తెర పక్కన పెట్టేశాను.

"నర్సమ్మకి సూపించి రా. అప్పుడే నీకీ జాకెట్టు ఇత్తాను."

"నా గుడ్డ నాకివ్వనంటావేటి?"

లాక్కోబోయింది. నేను జాకెట్టు మడిచి స్టూలు మీద పెట్టి దాని మీద కూర్చున్నాను. ఆ వయసులో, అంతమంది ముందు, బడిపిల్లలా. ఎస్తేరు తిట్టుకుంటూ వెళ్లిపోయింది. "అప్పకి మతి పోయింది" అని కూర్చున్నవాళ్లలో ఎవరో అన్నారు. ఇద్దరు తమ గుడ్డలు వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు నర్సమ్మ కొట్టుకి వచ్చింది. వెనకాల ఎస్తేరు, మొహం గంటు పెట్టుకుని.

"జాకెట్టు ఇప్పించమని నన్నే పంచాయితీకి పిలిచింది" అంది నర్సమ్మ. "గొడవేంటో అడిగి, సరే చూద్దాం లే అని నేనూ చూశాను. గడ్డ తగులుతోంది. రేపు నాతో ఆసుపత్రికి వస్తోంది."

ఎస్తేరు నేల చూస్తోంది. నర్సమ్మ నాకు చెబుతున్నట్టే ఆమెకి చెప్పింది. మొదట్నించీ తేడా ఉంటే భయం లేదు. కానీ పెద్దయ్యాక ఒక పక్కే కొత్తగా పెరిగినా, గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, దాన్నించి నీరో రక్తమో కారినా వెంటనే చూపించాలి. నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు, నొప్పి కోసం ఎదురుచూడకూడదు. చూపించినవాళ్లలో చాలామందికి ఏమీ ఉండదు, కానీ ఆ మాట మనం కాదు, డాక్టరు చెప్పాలి.

"మరి జాకెట్టు?" అంది ఎస్తేరు.

కుట్టు వదులు చేసి ఉంచుతాను, తిరిగొచ్చేటప్పుడు తీసుకో అన్నాను. కానీ ఆసుపత్రి నుంచి ఆమెని అటే విశాఖపట్నం పంపేశారు. అక్కడ బయాప్సీ చేశారు, అంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపడం. క్యాన్సరే. ఆ క్రిస్మస్‌కి తెల్ల జాకెట్టు నా కొట్లో మేకుకి వేలాడుతూనే ఉంది.

ఆ తరవాత నెలలు నాకు బాగా గడవలేదు. మందు ఎక్కిస్తున్నారని, జుట్టు ఊడిపోయిందని, రొమ్ము తీసేశారని చర్చి ఆడవాళ్లు ఒకొక్కటీ చెబుతుండేవారు. చనిపోయినవాళ్లకి కొత్తబట్టలు కట్టే అలవాటు వీళ్లలో ఉంది. ఆమె మనుషులెవరైనా వచ్చి ఆ జాకెట్టు అడుగుతారేమోనని గుమ్మంలో నీడ పడ్డప్పుడల్లా మిషను ఆపి తలెత్తి చూసేదాన్ని. ఆ రోజుల్లోనే నేను ఇంకొంతమందిని నర్సమ్మ దగ్గరికి పంపాను. అందరూ ఏమీ లేదని తెలుసుకుని వచ్చారు. ఒకామె అయితే, ఒక రోజు కూలి పోయిందని నన్ను దుమ్మెత్తిపోసింది. విన్నాను. ఏం చేస్తాం?

చోళ్లు నాటే రోజుల్లో, సన్నగా ముసురు పడుతుంటే, గుమ్మంలో ఎస్తేరు నిలబడింది. సగం అయిపోయింది మనిషి. తల మీద పొట్టి జుట్టు అప్పుడే మొలుస్తోంది. చేతిలో చిన్న మూట. విప్పితే చోళ్లు.

"ఒక పక్క ఏమీ నేక బుజం వాలిపోతన్నాది అప్పా. దూది పెట్టుకుంటే తేలికైపోయి పైకెల్లిపోతాది. బరువుండాల. పోయినేడు చేనులో చోళ్లు తెచ్చినాను, సంచీ కుట్టు."

గాయం మానిందా, పెట్టుకోవచ్చని నర్సమ్మ అందా అని అడిగాకే పని మొదలుపెట్టాను. మెత్తటి నూలుగుడ్డ రెండు పొరలు వేసి, గుండ్రంగా సంచీ కుట్టి, చోళ్లు నింపి, మేకుకి వేలాడుతున్న తెల్ల జాకెట్టు తీసి, లోపల దాన్ని పెట్టి తీసుకోవడానికి జేబు కుట్టాను. "వానలో తడవకు, మొలకలొచ్చేస్తాయి" అన్నాను. ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. మొహం తిప్పుకున్నాను.

ఎస్తేరు సంగతి తరవాత నా పనిలో ఒక్కటే మారింది. ఎవరైనా ఒక పక్క బిగిసిందనో వదులైందనో అంటే, కత్తెర ముట్టుకునే ముందు ఎప్పట్నించి అని అడుగుతాను. వినేవాళ్లు వింటారు, విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. ఓపిక లేని రోజు కూడా అడుగుతాను.

ఎస్తేరు జాకెట్టు వేసుకుని అద్దం ముందు నిలబడింది. అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది. కుడి పక్క గుడ్డ వేళ్లతో పట్టి లాగింది.

"ఇప్పుడు కుడి పక్క వదులైపోయింది. ఈపాలి నిజంగా నువ్వే పాడు సేసినావు."

చిక్కిపోయింది కాబట్టి వదులైందని నాకు తెలుసు. అయినా నా చెయ్యి సూది దగ్గర ఆగిపోయింది. అడగాలి. ఎలా అడగాలో తెలియలేదు.

ఎస్తేరు అద్దంలోంచే నన్ను చూసింది.

"ఆ పక్క కూడా సూపించీసే వచ్చినాను. ఏటీ నేదన్నారు. బేగి బిగించి, నా జాకెట్టు నాకివ్వప్పా."